పేటలో పుట్టిన మ్యూజియం

డాలస్‌లో ఉంటున్న మా అక్క కొడుకు మూడో తరగతి. మొన్న అక్టోబరులో వీడియో కాల్ చేసి, వాళ్ల బడిలో చేసిన రంగు కాగితాల తోరణం చూపించాడు. పల్చటి కాగితాన్ని మడతలు పెట్టి, కత్తెరతో పువ్వులూ పుర్రెలూ వచ్చేలా కత్తిరించారు. దాన్ని 'పాపెల్ పికాదో' అంటారట, మెక్సికో వాళ్ల కళ. చనిపోయిన పెద్దల ఫోటోల ముందు వాళ్లకిష్టమైన తిండి పెట్టి, బంతిపూలు పరిచే పండగ గురించి కూడా టీచర్ చెప్పిందట.

అంతా విని మా పెద్దమ్మ, "గిది మన పెత్రమాస లెక్కనే ఉన్నది గదరా!" అంది. వెంటనే, "మరి మన బతుకమ్మ గురించి మీ బళ్లె చెప్పరా?" అని కూడా అడిగింది. వాడు లేదన్నాడు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. వాళ్ల పండగ ఆ బడిలోకి ఎలా వచ్చింది? చదువుతూ పోతే ఒక సంగతి అర్థమైంది. ఎవరో దయతలచి పెట్టింది కాదది. అడిగి, పోట్లాడి, ముఖ్యంగా తామే మొదలుపెట్టి తెచ్చుకున్నారు.

అమెరికాలో ఏటా సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 దాకా హిస్పానిక్ వారసత్వ మాసం. 1968లో వారంగా మొదలై, 1988లో నెల అయింది. నెల మధ్యలో ఎందుకంటే, గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడార్, నికరాగువా, కోస్టారికాల స్వాతంత్ర్య దినం సెప్టెంబరు 15. మర్నాడే మెక్సికోది. కానీ క్యాలెండర్లో తేదీ ఉంటే సరిపోదు కదా. పిల్లలకి చూపించడానికి వస్తువులు కావాలి, చెప్పే మనుషులు కావాలి.

న్యూయార్క్‌లోని తూర్పు హార్లెమ్‌లో ప్యూర్టోరికో కుటుంబాలు ఎక్కువ. మా పిల్లల చదువులో మా సంస్కృతి ఊసే లేదేమని అక్కడి తల్లిదండ్రులు నిలదీశారు. దాంతో పాఠాలు తయారుచేసే పని రఫాయెల్ మొంతాన్యెస్ ఓర్తీస్ అనే కళాకారుడికి అప్పగించారు. పియానోలని జనం ముందు బద్దలుకొట్టి, అదే కళ అన్న మనిషి ఆయన! పాఠాలతో ఆగకుండా 1969లో ఏకంగా మ్యూజియమే పెట్టాడు, అదీ ఒక స్కూలు తరగతి గదిలో. పేరు 'ఎల్ మూసెయో దెల్ బారియో'. బారియో అంటే పేట. అంటే పేట మ్యూజియం అన్నమాట. కొన్నాళ్లు అద్దె షాపు గదుల్లో నడిచి, 1977లో ఫిఫ్త్ అవెన్యూకి చేరింది. ఇప్పటికీ జనవరిలో ముగ్గురు రాజుల పండగకి పిల్లలతో వీధుల్లో ఊరేగింపు తీస్తుంది.

షికాగోది ఇంకా ముచ్చటైన కథ. 1982లో కార్లోస్ తోర్తొలేరో అనే స్కూల్ టీచర్, తోటి టీచర్లతో కలిసి మెక్సికన్ కళలకి ఒక మ్యూజియం పెడదామనుకున్నాడు. చేతిలో ఉన్నది 900 డాలర్లు. భవనం లేదు. అయినా పని మొదలైంది. అయిదేళ్లకి, 1987లో, మెక్సికన్లు ఎక్కువగా ఉండే పిల్సెన్ పేటలో, పార్కులోని ఒక పాత భవనంలో తలుపులు తెరిచారు. ఇప్పుడది నేషనల్ మ్యూజియం ఆఫ్ మెక్సికన్ ఆర్ట్. మొదటి రోజు నుంచీ టికెట్ లేదు. కూలికి పోయే నాన్న కూడా పిల్లల్ని తీసుకుని నేరుగా లోపలికి వెళ్లొచ్చు. మా వాడు చెప్పిన ఆ పెద్దల పండగ మీద ఏటా పెద్ద ప్రదర్శన పెడతారు.

ఇక రాజధాని వాషింగ్టన్ సంగతి. లాటినోల చరిత్రని మన సంస్థ కావాలనే పట్టించుకోలేదని స్మిత్‌సోనియన్ వేసుకున్న సొంత బృందమే 1994లో నివేదిక ఇచ్చింది. జాతీయ లాటినో మ్యూజియానికి చట్టం వచ్చింది 2020 డిసెంబరులో. మధ్యలో 26 ఏళ్లు. నివేదిక నాటికి ఎనిమిదేళ్లున్న పిల్లాడికి చట్టం వచ్చేసరికి 34. 2022లో ఇంకో మ్యూజియం లోపల ఒక గ్యాలరీ మాత్రం తెరిచారు.

అలాగని జాతీయ మ్యూజియం అక్కర్లేదని కాదు. పేట మ్యూజియం ముందుగా తన పిల్లలకి నువ్వెవరో చెబుతుంది. అందరికీ చెందిన మ్యూజియం, అందరూ చదివే బడి, పక్కింటి పిల్లలకి కూడా చెబుతాయి. ఆ రెండోది జరిగింది కాబట్టే ఒక తెలుగు పిల్లాడు మెక్సికో తోరణం కత్తిరించగలిగాడు. అమెరికాలో మనకి వారాంతపు తెలుగు బడులున్నాయి. మంచిదే, కానీ అవి మన పిల్లలకి. పక్క బెంచీ పిల్లాడికి బతుకమ్మ గురించి ఎవరు చెబుతారు? రేపు ఎమ్మెస్‌కి వెళ్లబోయే మనలోనే ఎవరో ఒకరు చెప్పాలి.

అక్కడిదాకా ఎందుకు, మన హాస్టల్లోనే బీహార్ నుంచి, కేరళ నుంచి వచ్చినవాళ్లున్నారు. నాలుగేళ్లు మనతో తిని, మనతో తిరిగి, మన గురించి ఏం తెలుసుకుని వెళ్తున్నారు? క్లబ్‌కి సొంత గది లేదని ప్రతి మీటింగ్‌లో అనుకుంటూనే ఉన్నాం. గది వచ్చినప్పుడు వస్తుంది. మిడ్స్ అయ్యాక ఒక సాయంత్రం, లైబ్రరీ వరండాలో ఒక బల్ల వేద్దాం. తలా ఒక వస్తువు ఇంటి నుంచి తెచ్చి, పక్కన నిలబడి, తెలుగు రాని ఒక్కరికైనా దాని కథ చెప్పాలి. ఫలానాదే తేవాలని లేదు, మీ ఇంట్లో వాడినదైతే చాలు.

నేను మా ఇంట్లో వడ్లు కొలిచిన మానిక తెస్తాను.