బియ్యం ఊళ్లో గోధుమ జబ్బు

మీరెప్పుడైనా పొద్దున్నే పటమట రైతుబజారుకి వెళ్లారా? తెల్లారేసరికే జనం. ఆకుకూర కట్టలు ఇంకా తడి ఆరకుండా ఉంటాయి. పదేళ్లుగా నేను అక్కడే కూరలు కొంటున్నాను. తోటకూర అమ్మే మామ్మకి మా ఇంటి సంగతులన్నీ తెలుసు. రెండేళ్ల కిందట ఓ రోజు మా పాప చెయ్యి పట్టుకుని చూసి, "ఏమ్మా, పిల్లకి అన్నం పెట్టట్లేదా? చేతులు పుల్లల్లా ఉన్నాయి, పొట్టేమో కుండలా ఉంది" అంది. అక్కడ నవ్వేశాను గానీ, ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

పెట్టకపోవడమా! పిల్లకి నాలుగో ఏడు నడుస్తున్నప్పుడు మొదలైంది. నాలుగు రోజులు విరేచనాలు, రెండు రోజులు బాగుండడం, మళ్లీ మామూలే. నోట్లో పుళ్లు. ఎత్తు పెరగదు. మూడు ఆసుపత్రులు తిరిగాం. నులిపురుగుల మందు వేయించాం. టీబీ పరీక్షలు చేయించాం, లేదన్నారు. ఐరన్ సిరప్ సీసాలు ఎన్ని ఖాళీ చేసినా హిమోగ్లోబిన్ ఎనిమిది దాటలేదు. మా అత్తయ్యగారు దిష్టి తీసి, తాయెత్తు కట్టించారు. ఒక డాక్టరుగారైతే "ఉత్త అన్నంలో ఏం బలం ఉంటుందమ్మా, గోధుమలు పెట్టండి" అన్నారు. ఇంకేముంది! పొద్దున బొంబాయి రవ్వ ఉప్మా, బడికి చపాతీ, సాయంత్రం బిస్కెట్లు, రాత్రి పుల్కా. పిల్ల ఇంకా నీరసించింది.

మాది అసలే అన్నం తినే నేల. 1855లో కృష్ణమ్మకి ఆనకట్ట కట్టాక, కాలువల వెంట ఈ డెల్టా అంతా వరిచేలే. పటమటలంక పక్కన పారే బందరు కాలువ నీళ్లు కూడా అటు పొలాలకి పోయేవే. మా అమ్మమ్మ ఇంట్లో చపాతీ అంటే జ్వరం వచ్చినవాళ్ల తిండి. ఇప్పుడు పటమట మెయిన్ రోడ్డు మీద కర్రీ పాయింటు ఉన్నచోటల్లా పక్కనే పుల్కాలు కాలుతుంటాయి. షుగర్ ఉన్నవాళ్లు, లావు తగ్గాలనుకునేవాళ్లు, రాత్రిపూట వండుకునే ఓపిక లేనివాళ్లు, అందరికీ అవే. అలాంటి తిండి మీద ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది?

నాలుగో డాక్టరుగారికి వచ్చింది. ఆవిడ ఫైలు పక్కన పెట్టి, "పొద్దున్నుంచి రాత్రి దాకా పాప ఏం తింటుందో వరసగా చెప్పండి" అని అడిగారు. అంతకుముందు ఎవరూ అడగని ప్రశ్న అది. చెప్పాను. టీటీజీ అనే రక్తపరీక్ష రాశారు. "సీలియాక్ జబ్బేమో చూద్దాం. గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ తగిలితే కొందరి ఒంట్లోని రక్షణ వ్యవస్థ తన సొంత చిన్నపేగు మీదే తిరగబడుతుంది. తిన్నది ఒంటికి పట్టదు" అన్నారు.

"అది ఉత్తరాదివాళ్ల జబ్బు కదండీ?" అన్నారు మావారు.

ఆవిడ నవ్వి ఒక లెక్క చెప్పారు. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో ఉత్తరాదిన వందమంది పెద్దవాళ్లలో ఒకరికి పైగా రక్తంలో ఈ జబ్బుని సూచించే యాంటీబాడీలు కనిపిస్తే, దక్షిణాదిన వెయ్యిమందిలో ఒకరికే కనిపించాయట. కానీ జబ్బుకి వీలిచ్చే జన్యువులు రెండుచోట్లా ఇంచుమించు సమానమేనట. తేడా ఉన్నది తినే గోధుమల్లో. అక్కడ రోజుకి 455 గ్రాములు, ఇక్కడ 25 గ్రాములు. "మరి మీ పాప పళ్లెం ఏ ఊరి పళ్లెం?" అన్నారావిడ. మాకు నోట మాట రాలేదు.

రక్తపరీక్షలో అంకె బాగా ఎక్కువ వచ్చింది. ఇక ఎండోస్కోపీ చేసి, పేగులోంచి చిన్న ముక్కలు తీసి చూడాలన్నారు. దానికి మూడు వారాల గడువు. "అప్పటిదాకా గోధుమలు మానిపించొద్దు. మానేస్తే పేగు మానడం మొదలవుతుంది, రక్తంలో అంకె దిగుతుంది. జబ్బు ఉన్నా లేనట్టు కనిపిస్తుంది" అని గట్టిగా చెప్పారు.

ఆ మూడు వారాలూ నేను మర్చిపోలేను. "విషమని తెలిసీ పెడతావా?" అని అత్తయ్యగారు నాతో మాట్లాడటం మానేశారు. ఒక రాత్రి పాప పుల్కా ముక్క చేత్తో పట్టుకుని, "అమ్మా, ఇది తింటే కడుపు నొప్పొస్తుందిగా, ఎందుకు పెడుతున్నావ్?" అంది. ఏం చెప్పను? దాని ఎదురుగా కూర్చుని నేనూ ఒకటి తిన్నాను.

పరీక్షలో సీలియాకేనని తేలింది. మందు లేదు, జీవితాంతం పథ్యమే. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో హాలండ్‌లో రొట్టె దొరకని కరువు రోజుల్లో ఈ జబ్బు పిల్లలు తేరుకున్నారనీ, రొట్టె రాగానే మళ్లీ పడిపోయారనీ, డికే అనే పిల్లల డాక్టరు దాన్ని పట్టుకుని గోధుమ సంగతి తేల్చాడనీ తర్వాత చదివాను. దొరికినవన్నీ పెడుతూ నేను చెయ్యలేని పని అక్కడ కరువు చేసిందన్నమాట!

ఇప్పుడు బెజవాడంతా నాకు రెండు జాబితాలు. ఇడ్లీ సరే. పెసరట్టు సరే, అందులో ఉప్మా పెడితే కాదు. పూతరేకులు సరే. బందరు లడ్డు శనగపిండిది కాబట్టి అడిగి కొనుక్కోవచ్చు, గోధుమపాలతో చేసే బందరు హల్వా వద్దు. అన్నిటికన్నా మోసం చేసింది ఇంగువ. డబ్బా తిప్పి చదివితే అందులో గోధుమపిండి! ఇంగువ లేని పులిహోరా అని సణిగిన అత్తయ్యగారే ఇప్పుడు పాపకి విడిగా తాలింపు పెడుతున్నారు. తోబుట్టువులకీ తల్లిదండ్రులకీ రావచ్చంటే మేమంతా పరీక్ష చేయించుకున్నాం. మాకెవరికీ లేదు.

మీ ఇంట్లోనూ ఇలా తిన్నది ఒంటబట్టని పిల్ల ఉంటే, మీ అంతట మీరు గోధుమలు మాన్పించకండి. ముందు డాక్టర్నడిగి పరీక్ష చేయించండి.

ఏడాదిలో పాప నాలుగు కిలోలు పెరిగింది. మొన్న సాయంత్రం ఆటోనగర్ వైపు నుంచి వస్తూ పునుగుల బండి దగ్గర ఆగాం. నేను నోరు తెరిచేలోపే అది అడిగింది, "అంకుల్, పిండిలో మైదా కలుపుతారా?" అని.

ఆయన గరిటె ఆపి దాన్ని చూశాడు. "కాస్త కలుపుతాం తల్లీ."

"అయితే నాకొద్దు. అమ్మా, ఆ పక్కన మొక్కజొన్న పొత్తు కొనిపెట్టు" అంది.