పెళ్ళికి పెరాక్ దాకా

సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళకు సముద్రం దాటటం సులువు అనుకుంటారు లోకులు. అదేమీ లేదు. మా చిట్టమూరు నుంచి తూర్పుకు పోతే ప్రళయకావేరి. పులికాటు సరస్సుకు మా వైపు పాతపేరు అది. దానికి అవతల సముద్రం. చలికాలం వచ్చేసరికి ఎక్కడెక్కడి పక్షులో వేలాదిగా వచ్చి ఆ ఉప్పునీళ్ళలో వాలుతవి. మనుషులు మాత్రం అంత దూరం పోరు. నాయుడుపేట బజారుకు, గూడూరు రైలుకు, మల్లాం సుబ్రహ్మణ్యేశ్వరుని తిరణాలకు పోయి, చీకటి పడేలోగా ఇల్లు చేరటం మావాళ్ళ అలవాటు. 2022 ఏప్రిల్ 4న మా మండలాన్ని తిరుపతి జిల్లాలో కలిపారు గాని, మా మాట, తిండి, వియ్యాలు నెల్లూరివే.

అటువంటి ఊరినుంచి ఆరేళ్ళ బిడ్డను వెంటబెట్టుకొని మలేషియాకు పెళ్ళికి పోతానంటే మా అత్తగారు ఊరుకుంటుందా?

"ఏందమ్మా, దేశం గాని దేశం. పెళ్ళికూతురేమన్నా నీ ఆడబిడ్డా? పోవాల్నంటే నువ్వు పో. బిడ్డ నా కాడ ఉంటుంది" అన్నది.

పెళ్ళికూతురు నా ఆడబిడ్డ కాదు, నిజమే. చెన్నైలో చదువుకునే రోజుల్లో మూడేళ్ళపాటు హాస్టలులో నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు. ఆమెది పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దతు ప్రాంతం. పుట్టుకకు తెలుగుపిల్లే గాని, మాట్లాడేది తమిళం, ఇంగ్లీషు, మలయ్ భాష. తెలుగు మాటలు ఏ యాభయ్యో వచ్చు. అవీ వాళ్ళ మామ్మ దగ్గర విన్నవి. ఆ యాభై మాటలతోనే నాకు ఫోనులో చెప్పింది: "నువ్వు రాకుంటే కోపం పడతాను. నీ పాప రాకుంటే మామ్మ ఏడుస్తుంది." ఇంట్లో చిన్నపిల్ల తెలుగులో మాట్లాడగా విని ఆ మామ్మకు ఎన్నేళ్ళయిందో! ఆ మాట చెప్పగానే మా అత్తగారు మెత్తబడింది. "అయితే తీసకపో. ముసలిదాని ఉసురు మనకెందుకు" అన్నది.

ఇక ప్రయాణ సన్నాహం. పిల్లలతో విదేశాలకు పోదలచిన తల్లులకు పనికివస్తుందని కొంచెం వివరంగా చెపుతాను. పిల్లల పేరు తల్లి పాస్‌పోర్టులో రాయించే రోజులు పోయినవి. చంటిబిడ్డకైనా వేరుగా పాస్‌పోర్టు ఉండాలి. చిన్నపిల్లల పాస్‌పోర్టుకు గడువు 5 ఏళ్ళే. దరఖాస్తుకు తల్లిదండ్రు లిద్దరి సమ్మతీ జతచేయాలి. మావారు రొయ్యల గుంటలు వదిలి రాలేకపోయారు కాబట్టి, బిడ్డ తల్లితో ప్రయాణం చేయటానికి తనకు సమ్మతమేనని ఒక కాగితం రాసి సంతకం చేసి ఇచ్చారు. అటువంటి కాగితం, బిడ్డ జనన ధృవపత్రం నకలు చేతిసంచీలో ఉండటం మంచిది. రెండేళ్ళలోపు బిడ్డ ఒళ్ళో కూర్చుంటే టిక్కెట్టు ఖరీదు కొద్దిగానే ఉంటుంది. రెండు దాటితే వేరే సీటు, దాదాపు పెద్దల ఖరీదూ. ఆ లెక్కన మాకు ఒక పంట మిగులు ఖర్చయింది.

మలేషియా ప్రభుత్వం 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులను 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తున్నది. ఈ సదుపాయానికి గడువులు పెట్టి పొడిగిస్తున్నారు గనుక బయలుదేరేముందు విచారించుకోవాలి. విమానం దిగబోయే ముందు మూడు రోజులలోగా ఒక ఆగమన పత్రాన్ని కంప్యూటరులో నింపాలి. పిల్లలకు కూడా వేరుగా నింపవలసిందే.

పెట్టెలో పెళ్ళికూతురికి వెంకటగిరి చీర, మామ్మకు మరొక నూలు చీర, ఆవకాయ సీసా సర్దాను. మా అత్తగారు శుభమని ఎండుకొబ్బరి చిప్పలు కూడా పెట్టబోయింది. ఎండుకొబ్బరిలో నూనె అధికం. త్వరగా అంటుకునే పదార్థమని విమానంలో తీసుకుపోనివ్వరు. పైగా బగాన్ దతు కొబ్బరితోటలకే పేరుపడ్డ చోటు. అక్కడికి కొబ్బరి మోసుకుపోవటం మల్లాం తిరణాలకు మట్టి మోసుకుపోయినట్లే!

నాయుడుపేట నుంచి సూళ్ళూరుపేట, తడ మీదుగా చెన్నై చేరి రాత్రి విమానం ఎక్కాము. కౌలాలంపూరుకు నాలుగు గంటల ప్రయాణం. విమానం దిగేటప్పుడు గాలి ఒత్తిడి మారి పిల్లలకు చెవులు నొప్పి పుడతవి. ఏదైనా నములుతూ మింగుతూ ఉంటే గొంతుకూ చెవికీ నడుమ ఉన్న సన్నని గొట్టం తెరుచుకొని నొప్పి తగ్గుతుంది. మా చిరంజీవికి ఒక బొరుగుల ఉండ చేతికిచ్చాను. అది అయిపోయేసరికి కిటికీలోంచి తెల్లవారుతూ కనిపించింది. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు.

దారిలో బాతు గుహల దగ్గర ఆగాము. 2006లో ప్రతిష్ఠించిన మురుగన్ విగ్రహం 42.7 మీటర్ల ఎత్తున బంగారు రంగుతో మెరిసిపోతున్నది. పక్కనే గుహలోకి 272 మెట్లు. మా అమ్మాయి తల వెనక్కు వాల్చి చూచి, "అమ్మా, మన మల్లాం సామి ఇక్కడికొచ్చి ఇంత పెద్దోడయినాడా?" అన్నది. పరదేశానికి పోయిన మన దేవుళ్ళ చరిత్రను అంతకంటె క్లుప్తంగా ఎవరూ చెప్పలేరు.

అక్కడినుంచి ఉత్తరంగా తెలుక్ ఇంతాన్ పట్నం. ఊరి నడుమ 1885లో కట్టిన గడియార స్తంభం పక్కకు ఒరిగి ఉంటుంది. చూడటానికి ఎనిమిది అంతస్తులు, లోపల ఉన్నవి మూడే. ఊరికి మంచినీళ్ళు నిలవ చేయటానికి కట్టిన తొట్టి అది. ఆ ఊరు దాటితే కొబ్బరితోటలు, ఆయిల్‌పామ్ తోటలు. రోడ్డు పక్కన అరటాకులో కొబ్బరిపాల అన్నం, వేయించిన నెత్తళ్ళు అమ్ముతున్నారు. దాన్ని 'నాసి లెమాక్' అంటారు. పేరు కొత్తదైనా నెత్తళ్ళు పాతవే గనుక మా పిల్ల పేచీ పెట్టకుండా తిన్నది.

ఈ తోటల్లోకి మనవాళ్ళు ఎట్లా వచ్చారు? కట్టుబాటు కూలీ పద్ధతిని 1910లో మలయాలో ఆపివేశారు. ఆ పైన కంగాణీలు ఊళ్ళకు వచ్చి, బయానాలిచ్చి, జనాన్ని ఓడలెక్కించేవారు. రబ్బరు, కొబ్బరి తోటలకు పోయిన తెలుగువాళ్ళలో అధికులు ఆనాటి విశాఖపట్నం, గంజాం జిల్లాల వాళ్ళు. 1938లో భారత ప్రభుత్వం ఈ కూలీల ఎగుమతిని నిషేధించింది. అప్పటికే వెళ్ళినవాళ్ళు చాలామంది అక్కడే ఉండిపోయారు. తోటబడుల్లో ఎక్కువగా చెప్పింది తమిళం. తెలుగు పిల్లలూ ఆ బడులకే పోయారు. 1955లో ఆంధ్ర సంఘం ఏర్పడింది. నేటి మలేషియా తెలుగు సంఘం అదే. భాషను నిలపటానికి అది పాటుపడుతూనే ఉన్నది. కాని ఇంట్లో మాట్లాడని భాషను సంఘం ఒక్కటే ఎంతకాలం మోయగలదు?

పెళ్ళివారి ఇంటి వసారాలో మామ్మ కూర్చొని ఉన్నది. ఎనభై దాటిన మనిషి. ఆ తోటల్లోనే పుట్టింది. మన దేశం ఎన్నడూ చూడలేదు. మా అమ్మాయిని చూడగానే రెండు చేతులూ చాచి, "ఓ గుంటా, ఇలా రాయే" అన్నది.

మా పిల్ల ఆగిపోయి చుట్టూ చూచింది. "గుంట యాడుంది అవ్వా? మాకూ గుంటలున్నాయి, రొయ్యలవి" అన్నది.

శ్రీకాకుళం వైపు గుంట అంటే ఆడపిల్ల. మా నెల్లూరు వైపు గుంట అంటే నీళ్ళగుంట. నేను చెప్పేలోపలే మామ్మ నవ్వటం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకొని, "ఓలమ్మా, ఏటంతన్నాదో సూడండి!" అని ఇంట్లోవాళ్ళను కేకవేసింది. చూడవచ్చిన మనమలకూ మునిమనమలకూ ఆ మాటల్లో ఒక్కటీ తెలియలేదు. ఆ ఇంట్లో ఆ హాస్యం అర్థమయినవాళ్ళం ముగ్గురమే.

అక్కడ 1982 మార్చి 1 నుంచి ముస్లిమేతరుల పెళ్ళిళ్ళన్నీ ప్రభుత్వం వద్ద నమోదు కావలసిందే. కనుక వధూవరులు ముందుగానే సంతకాలు చేసి ఉన్నారు. గుడిలో మంత్రాల పెళ్ళి మరునాడు. వరుడు తమిళుల అబ్బాయి. పురోహితుడూ తమిళుడే. మామ్మ మాత్రం జీలకర్ర, బెల్లం తానే నూరి తమలపాకులో పెట్టి తెచ్చింది. "ఇది నేకపోతే పెల్లి కాదు" అన్నది. ఎవరూ కాదనలేదు. పెళ్ళికూతురు వెంకటగిరి చీర కట్టుకొని, తలమీద ఆ ముద్ద నిలుపుకొని, నావైపు చూచి కన్నుగీటింది.

ఆ సాయంత్రం మామ్మ నన్ను దగ్గర కూర్చోబెట్టుకొని తన తల్లిదండ్రుల ఊరు ఎక్కడో చెప్పగలనా అని అడిగింది. పేరేమిటంటే, "సికాకోలు కాడ" అన్నది. అంతే. సికాకోలు అంటే శ్రీకాకుళమే. దాని చుట్టూ ఎన్ని వందల పల్లెలు! కాగితాలు లేవు. తల్లి నోట విన్న ఆ ఒక్క మాటే ఆమెకు మిగిలింది. నేను వెతికిపెడతానని మాట ఇవ్వలేదు. శ్రీకాకుళం ఊరిని ఫోనులో పటం తీసి చూపించాను. ఆమె వేలితో దాన్ని తాకి, "ఇదేనా? ఇంత సిన్నదా?" అన్నది.

ఉన్న నాలుగు రోజులూ మా పిల్ల ఆమె మంచం వదలలేదు. ఐదేళ్ళ మునిమనమడు ఒకడు అసూయతో వీళ్ళ నడుమ దూరేవాడు. వాడికి మా అమ్మాయి ఒకటి, రెండు నేర్పటం మొదలుపెట్టింది. పది దగ్గరకు రాగానే వాడు మలయ్ భాషలోకి జారిపోయేవాడు. మామ్మ వాడి చెవి మెలిపెట్టి మళ్ళీ మొదటినుంచి చెప్పించేది.

పిల్లలను వెంటబెట్టుకొని దూరదేశాలకు పోవటం బరువని పెద్దలు అంటారు. ఖర్చుకు బరువే, నిద్రకు, తిండికి బరువే. కాని ఆ ఇంటికి నేను తీసుకుపోయిన చీరలూ ఆవకాయా ఎవరైనా తీసుకుపోగలరు. మా బిడ్డ తీసుకుపోయినదాన్ని పెట్టెలో సర్దలేము.

ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు, అక్కడ ఏడు గంటలకు, ఫోను మోగుతుంది. మా అత్తగారే ముందు అందుకుంటుంది. పోయినవారం ఆ కుర్రవాడు ఇరవైదాకా వచ్చాడు.