నడికట్టు నత్త

మచిలీపట్నము మొదలు దివిసీమ కొస వరకు పోటు పాటులకు మునిగి తేలు బురద నేలలు మనకు గలవు. ఆ బురదపై కొనదేలిన సన్నని నత్తలు లెక్కకు మించి ప్రాకుచుండును. పీతలకు పోవు మనవారు వాటిని త్రొక్కుచు నడతురేగాని, వాటి సంగతి అడిగినవారు అరుదు.

నాగాయలంక ప్రక్కనున్న యౌవనస్థుడొకడు అప్పు చేసి రొయ్యల చెరువు కౌలుకు తీసికొనెను. చెరువు నిండ ఈ నత్తలే. "ఇవి రొయ్యపిల్లలను తినివేయును, మందు చల్లుము" అని ఒక మందుల వర్తకుడు చెప్పెనట. ఆ మందు వెల అతని అప్పును ఇంకను పెంచును. అతడు గుడివాడకు వచ్చి, గుప్పెడు నత్తలు నా బల్లమీద పోసి, "అయ్యగారూ, ఇవి ఏమిటండి?" అని అడిగెను.

భూతద్దము పెట్టి చూచితిమి. ఆల్చిప్పకు గుండ్రని రంధ్రము తొలిచి లోని మాంసము తిను నత్త యొకటి సముద్రములో గలదు; అది బంతివలె నుండును. ఇది అది కాదు. ఇది అంగుళము, అంగుళమున్నర పొడవు. పైకి పోనుపోను సన్నగిల్లు చుట్లు, చుట్టు చుట్టుకు మూడు వరుసల పూసలు, నల్లని పట్టీలు, నోటికి పలుచని గుండ్రని మూత. 1791లో గ్మెలిన్ అను జర్మను పండితుడు దీనికి పెట్టిన లాటిను పేరునకు నడికట్టు గలదని అర్థము. పాత గ్రంథములలో ఇది సెరిథిడియా సింగులాటా. నేడు పిరెనెల్లా సింగులాటా.

దీని ఆహారము బురదపై పెరుగు సన్నని పాచి, కుళ్లిన ఆకుల నలుసు. రొయ్యను పట్టి తినదు. అయినను మితిమీరినయెడల రొయ్యపిల్లల మేతను పంచుకొనును, గుల్ల కట్టుకొనుటకు నీటిలోని సున్నమును లాగుకొనును. కాబట్టి తగ్గించుట మంచిదే. అయితే విషము చల్లిన నీరు తుదకు పాయలోనికే పోవును. ఆ పాయలోనే మన బిడ్డలు పీతలు పట్టుదురు. రెండు మూడు దినములు ఎండగట్టినంత మాత్రమున ఈ నత్త చావదు. మూత బిగించుకొని ఓర్చుకొనును. దాని పిల్లలు నీటిలో ఈదుచు వచ్చును గనుక తూమునకు మిక్కిలి సన్నని వల కట్టిన మేలు.

అతడు మందు కొనలేదు. ఊరి స్త్రీలకు కూలి యిచ్చి నత్తలను ఏరించి, తూమునకు వల కట్టెను. అప్పు ఇంకను తీరలేదు గాని, మందు ఖర్చు దానిమీద పడలేదు.

ప్రియ చదువరులారా, మీ చెరువులో తెలియని ప్రాణి కనబడినయెడల, మందుల కొట్టునకు పోకమునుపు నాలుగు ఏరుకొని, అది ఏమి తినునో తెలిసినవారిని అడుగుడి.