అమ్మతో సరస్సు చుట్టూ

కొండలెక్కడం నాకు క్లాసులో వచ్చినంత బాగా బయట రాదు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు మనుచరిత్ర చెబుతున్నాను. ప్రవరుడు కాళ్ళకు పసరు పూసుకుని హిమాలయం మీద వాలే ఘట్టం వచ్చేసరికి నా గొంతు దానంతటదే లేస్తుంది. తీరా నా సొంత కాళ్ళ సంగతంటారా, ఇంటినుంచి కాలేజీకి కిలోమీటరు దూరం, అదీ స్కూటరు మీద. ఎటు చూసినా వరిచేలూ కాలవలూ తప్ప పిడికెడు గుట్టయినా కనబడని తెనాలి ప్రాంతం మాది.

అటువంటివాణ్ణి పోయిన వేసవిలో సకుటుంబంగా కొడైకెనాల్ బయలుదేరాను. నాన్నగారు పోయి రెండేళ్ళయింది. అప్పటినుంచీ అమ్మ గడప దాటితే ఒట్టు. డెబ్భై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. “కొండలమీద నాకేం పనిరా అబ్బాయ్” అంది. “అక్కడ కుమారస్వామి గుడి ఉంది అత్తయ్యగారూ” అని మా ఆవిడ ఒక్క ముక్క వేసింది. మర్నాటికల్లా అమ్మ సంచీ సిద్ధం. అందులో అన్నిటికంటె పైన ఇత్తడి మరచెంబు.

ఆ మరచెంబుని చూసి పిల్లలు పడీపడీ నవ్వారు. కొడైకెనాల్ రోడ్ స్టేషనులో రైలు దిగి టాక్సీలో ఎనభై కిలోమీటర్ల ఘాటు రోడ్డు ఎక్కుతుంటే, చెక్‌పోస్టు దగ్గర మా ప్లాస్టిక్ నీళ్ళ సీసాలన్నీ తీసేసుకున్నారు. ఆ కొండమీద అవి నిషేధం. ఇక అక్కణ్ణుంచి అయిదుగురి దాహానికీ మరచెంబే గతి అయింది. (మీరూ వెళ్ళేటట్టయితే స్టీలు సీసాలు పట్టుకెళ్ళండి. 2024 మే నెలలో హైకోర్టు ఉత్తర్వు మీద వచ్చే బళ్ళకి ఈ-పాసు కూడా పెట్టారు. ముందే చూసుకోవడం మంచిది.)

మొదటిరోజు సాయంత్రం కోకర్స్ వాక్‌కి వెళ్ళాం. 1872లో కోకర్ అనే ఇంగ్లీషు సైనికాధికారి కొండ అంచునే వేయించిన కాలిబాట. కిలోమీటరు ఉంటుందేమో. చదునైన దారి, పక్కన కమ్మీలు, మధ్యమధ్య కూచోడానికి చోటు. చంటిపిల్లలున్న వాళ్ళకీ పెద్దవాళ్ళకీ ఇంతకంటె తేలికదారి లేదు. కింద లోయ, లోయకి అవతల మైదానం, మైదానంలో ఊళ్ళు. ఉన్నట్టుండి లోయలోంచి మంచు లేచి అన్నిటినీ తుడిచేస్తుంది. పొద్దు మన వీపువైపున, మంచు ఎదటా ఉన్న వేళ, మన నీడే ఆ మంచుమీద పడి దాని చుట్టూ ఇంద్రధనుస్సు గుడి కట్టడం కూడా ఎప్పుడో ఒకప్పుడు కనిపిస్తుందిట. మాకు కనబడలేదు. మావాడు మాత్రం పావుగంటసేపు మంచుకేసి చేతులూపాడు.

అది అంత సుళువుగా అయ్యేసరికి నాకు ధైర్యం వచ్చింది. రెండోరోజు డాల్ఫిన్స్ నోస్ అన్నారు. వట్టకెనాల్ అనే పల్లెదాకా కారు, అక్కణ్ణుంచి అడవిలో నడక. “చాలా ఈజీ సార్, ఫామిలీలన్నీ వెళతాయి” అన్నాడు హోటలు కుర్రాడు. తేలిక అనే మాటకి ఎవరికి తేలిక అన్న ప్రశ్న వెయ్యాలని తెలుగు మేష్టర్ని, నాకే తట్టలేదు.

అడవి నిజంగా అందమైనదే. చోళై అంటారు వాటిని. కొండ మడతల్లో గుబురుగా పెరిగే పొట్టిచెట్లు. మానులనిండా నాచు. కాలికింద ఆకుల మెత్త. ఈ అడవులూ పైనున్న పచ్చికబయళ్ళూ వాననీటిని పీల్చి నిలవచేసుకుని ఏడాది పొడుగునా వాగులకి కొద్దికొద్దిగా వదులుతాయి. ఆ పక్క కొండల్లోనే పన్నెండేళ్ళకోసారి పూసే కురింజి ఉంది. 2018లో పూసింది, మళ్ళీ 2030లో. తమిళులు కొండప్రాంతపు కవిత్వానికంతకీ ఆ పువ్వు పేరే పెట్టుకున్నారు. ఇదంతా మావాడికి చెప్పుకుంటూ నేను ముందు నడుస్తున్నాను. దారి దిగుతోంది. వేళ్ళు మెట్లుగా, రాళ్ళు మెట్లుగా. దిగేవాడికి హుషారు, వాడికి పదేళ్ళు, నాకూ ఆ పూట అంతే.

లోయమీదికి పొడుచుకొచ్చిన ఆ బండ దగ్గర కాసేపు నిలబడ్డాం. ఇంతలో మా ఆవిడా, అమ్మాయీ వచ్చారు.

“అమ్మేదీ?” అన్నాను.

“మీరు వెనక్కి వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకొస్తున్నారనుకున్నా” అంది మా ఆవిడ.

వెళ్ళిన దారిని ఎలా ఎక్కానో నాకు తెలియదు. గుండె నోట్లోకి వచ్చింది. ప్రతి మలుపు దగ్గరా “అమ్మా” అని అరుస్తున్నాను. దారినపోయే కాలేజీ పిల్లలు నాకేసి వింతగా చూస్తున్నారు. వృద్ధులైన తల్లిదండ్రుల్ని ఇంటిదగ్గర వదిలి ఒంటరిగా కొండలెక్కిన ప్రవరుడి తప్పు ఎంత అని పరీక్షల్లో ప్రశ్న ఇస్తుంటాను. వాడు ఇంటిదగ్గరైనా వదిలాడు.

నాలుగో మలుపులో కనిపించింది. ఒక వేరుమీద కూచుని ఉంది. చెప్పు పట్టీ తెగింది. మరచెంబు ఒళ్ళో ఉంది. పక్కన మొక్కజొన్న కండెలు కాల్చి అమ్మే తమిళ ఆవిడ. అమ్మ తెలుగులో, ఆవిడ అరవంలో మోకాళ్ళ నొప్పుల గురించి కాబోలు మాట్లాడుకుంటున్నారు.

నేను ఏదో అనబోయాను. కోప్పడబోయాననుకుంటాను, భయం తీరగానే కోపం వస్తుంది గదా. అమ్మ నన్ను చూసి కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు, అంత మామూలుగా అంది:

“మీ నాన్నా అంతేరా. తిరపతి కొండ మూడుమాట్లు కాలినడకన ఎక్కాం. మూడుమాట్లూ ఆయన వీపే చూశాను. కొండ చూళ్ళేదు.”

కండెలావిడకి భాష తెలియకపోయినా నాకేసి చూసిన చూపు మాత్రం అంతా తెలిసినట్టే ఉంది. అమ్మని నెమ్మదిగా పైకి తీసుకొచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. ఆ దారిలో దిగడం పావలా, ఎక్కడం ముప్పావలా. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వట్టకెనాల్లోనే టీ తాగి చెట్లు చూసి వెనక్కి రండి. నష్టమేమీ లేదు.

ఆ సాయంత్రం బజారులో అమ్మకి కాన్వాసు బూట్లు కొన్నాం. “చీరమీద బూట్లా!” అని సిగ్గుపడింది. వద్దనలేదు.

మూడోరోజు సరస్సు. చుట్టూ అయిదు కిలోమీటర్లు, చదునైన రోడ్డు. సైకిళ్ళవాళ్ళూ గుర్రాలవాళ్ళూ ఊరికే వెంటబడతారు. వాళ్ళని తప్పించుకుంటే అంతా నడకే. ఆ పూట మా అమ్మాయి ఒక షరతు పెట్టింది. నాయనమ్మ ముందు, మిగతా అందరూ వెనక. ఆవిణ్ణి ఎవరూ దాటకూడదు.

మొదటి అరగంటా నాకు నరకం. ఇరవై అడుగులకోసారి ఆగుతుంది. హైడ్రాంజియా గుత్తులు చూసి ఆగుతుంది. గుర్రానికి దాణా పెట్టారా అని గుర్రంవాణ్ణి అడుగుతుంది. నా కాళ్ళు వాటంతటవే ముందుకు పోవడం, అమ్మాయి నా చొక్కా పట్టి లాగడం.

“ఇది చెరువేనా?” అంది అమ్మ.

“కట్టించిన చెరువేనమ్మా. 1863లో లెవింజ్ అనే దొర, మదురై కలెక్టరుగా చేసినాయన, వాగుకి అడ్డకట్ట వేయించాడు.”

“దొరైతేనేం, చెరువు వేయించాడు” అని నీళ్ళకేసి దణ్ణం పెట్టింది. సప్తసంతానాల్లో తటాకం ఒకటని నేను పుస్తకంలో చదివాను. దణ్ణం పెట్టాలని మాత్రం తోచలేదు.

ఈ సరస్సు నక్షత్రం ఆకారంలో ఉంటుందని అందరూ రాస్తారు. మెల్లిగా నడిస్తేగాని దాని అర్థం తెలియదు. ఒక పాయ చుట్టి వచ్చేసరికి దాటివచ్చిన పడవల రేవే మళ్ళీ ఎదట కనబడుతుంది. మరో పాయ తిరిగితే మళ్ళీ అదే, ఇంకో పక్కనుంచి. మావాడు దాన్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పరుగెత్తడం మానేశాడు.

ఒక మలుపులో అమ్మ చటుక్కున ఆగి చెయ్యి అడ్డం పెట్టింది. రోడ్డుపక్క తోటలో అడవిదున్న. నల్లగా, కాళ్ళకి తెల్లమేజోళ్ళు తొడిగినట్టు. ఆ ఊళ్ళోకి అవి వస్తూనే ఉంటాయి. ఇద్దరు ముగ్గురు యువకులు సెల్‌ఫోన్లు పట్టుకుని దాని దగ్గరికి పోతున్నారు. మావాడూ కదిలాడు.

“ఆగరా. దూడ ఉందేమో చూడనీ” అంది. పాడిగేదెలతో నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. చెవులు చూసింది, తోక చూసింది. నిమిషం తరవాత పొదచాటునించి గోధుమరంగు దూడ బయటికొచ్చి తల్లి పక్కన నిలబడింది. అమ్మ కుర్రాళ్ళకేసి చెయ్యి విసిరి తెలుగులోనే కేకేసింది. తమిళ పిల్లలు, అయినా వెనక్కి వచ్చేశారు. అవి రోడ్డు దాటేదాకా అందరం నిలబడ్డాం. నేను ముందు నడిచి ఉంటే ఏ ప్రబంధవర్ణనో చెప్పుకుంటూ సరాసరి దాని ముందుకే వెళ్ళి ఉందును.

అయిదు కిలోమీటర్లకి మూడు గంటలు పట్టింది. మర్నాడు కుమారస్వామి గుడి చూశాం. కురింజి ఆండవర్ అంటారక్కడ. 1936లో హిందూమతం పుచ్చుకున్న ఒక తెల్లదొరసాని కట్టించింది. అమ్మ ఆ కథ రెండుసార్లు చెప్పించుకుంది.

ఆఖరిరోజు తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి గదిలో దీపం వెలుగుతోంది. అమ్మ మంచం అంచున కూచుని ఉంది. మావాడు కింద కూచుని ఆవిడ బూట్లకి ముడులు వేస్తున్నాడు. “బండి తొమ్మిదికి గదా. ఆ మంచు కనిపించే దారికి ఓసారి పోయొద్దాం” అంది. నేను స్వెట్టరు తొడుక్కుని, మరచెంబు వెతికి, గదికి తాళం వేసి బయటికి వచ్చేసరికి నాయనమ్మా మనవడూ అప్పుడే రోడ్డు మలుపు తిరుగుతున్నారు.