ముట్టుకునే ముందు చెప్పాలి

రెండు గంటలు. హోమ్ హెల్త్ ఎయిడ్ ట్రైనింగ్‌లో మొదటి వారమే నా బుర్రలో గట్టిగా కూర్చున్న నంబర్ ఇది. మంచం మీద సొంతంగా కదల్లేని మనిషిని దాదాపు రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. వెల్లకిలా, తర్వాత కుడి పక్కకి, తర్వాత ఎడమ పక్కకి. తిప్పిన ప్రతిసారీ నడుం కింది ఎముక, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనక భాగం చూడాలి. ఎక్కడైనా ఎర్రగా కనిపించి, వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలవుతోందని అర్థం. అక్కడ రుద్దకూడదు. బరువు పడకుండా చూసి, వెంటనే నర్సుకో డాక్టరుకో చెప్పాలి.

మేడమ్ ఇది చెబుతుంటే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా తుంటి ఎముక విరిగి నాలుగు నెలలు మంచంలో ఉంది. ఇంట్లో అందరూ బాగా చూసుకున్నారు. మెత్తగా ఉంటుందని కొత్త పరుపు కొన్నారు. కదిలిస్తే నొప్పి పుడుతుందని ఎవరూ కదిలించేవాళ్లు కాదు. వీపు కింద పుండు పడింది. చివర్లో తుంటి నొప్పి కంటే ఆ పుండు నొప్పికే ఎక్కువ ఏడ్చింది. మా ఇంట్లో ప్రేమకి లోటు లేదు. ఈ రెండు గంటల సంగతి మాకు చెప్పినవాళ్లు లేరు, అంతే.

మాది తాడేపల్లిగూడెం దగ్గర ఒక పల్లెటూరు. ఇంటర్‌లో బైపీసీ చదివాను. నర్సింగ్ చేద్దామనుకున్నా, ఫ్రీ సీటు రాలేదు. ఫీజు కట్టి చదివించే స్తోమత నాన్నకి లేదు. ఏం చేయాలో తోచక ఇంట్లో కూర్చున్న రోజుల్లో పిన్ని కువైట్ నుంచి వాట్సాప్ కాల్ చేసింది. మా గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు చాలామందే ఉంటారు కదా, పిన్ని కూడా అలాగే వెళ్లింది. వంటపని అని చెప్పి తీసుకెళ్లారు. కొన్నాళ్లకి ఆ ఇంటి ముసలావిడని చూసుకునే పని కూడా నెత్తిన పడింది. "ఆవిణ్ణి ఎత్తీ ఎత్తీ నా నడుం పోయిందే. ఎలా ఎత్తాలో నాకెవరూ నేర్పలేదు. నేర్పే చోటుంటే నువ్వు పోయి నేర్చుకో" అంది.

అలా విజయవాడ వచ్చి కోర్సులో చేరాను. 18 మంది బ్యాచ్. నేర్పే మేడమ్ పెద్దాసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరైన ఆవిడ. సబ్బుతో చేతులు కడుక్కోవడానికే 40 నుంచి 60 సెకన్లు పట్టాలని మొదటిరోజు ఫోన్‌లో టైమర్ పెట్టి మరీ కడిగించారు. నాడి నిమిషానికి 60 నుంచి 100 మధ్య ఉండాలి. యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ మనిషి పొత్తికడుపు కంటే కిందే వేలాడాలి. పైకెత్తితే మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ వస్తుంది. అన్నం తినిపించాక వెంటనే పడుకోబెట్టకూడదు, అరగంటైనా కూర్చోబెట్టాలి. పక్షవాతం వచ్చినవాళ్లకి చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. చెబితే చిన్నవిగానే ఉంటాయి. చేస్తుంటే తెలుస్తుంది ఎన్ని ఉన్నాయో.

మంచం మీంచి వీల్‌చైర్‌లోకి మార్చడం నేర్పిన రోజు సాయంత్రమే పిన్నికి వీడియో కాల్ చేశాను. కుర్చీని ఆవిడకి బలం ఉన్న వైపు పెట్టు. బ్రేకులు వెయ్యి. పాదాలు పెట్టుకునే రేకులు పక్కకి తియ్యి. నువ్వు నడుం వంచకు, మోకాళ్లు వంచు. ఒకటి, రెండు, మూడు అని ఇద్దరూ కలిసి లెక్కపెట్టండి, మూడుకి ఆవిడే లేవాలి, నువ్వు సాయం పట్టాలి. పిన్ని అంతా విని, "అంటే ఇన్నేళ్లూ ఆవిడ చేసే పని కూడా నేనే చేశానన్నమాట" అంది.

ఆ మాట అసలు అర్థం నాకు ఇంకో వారానికి తెలిసింది. ఆ రోజు క్లాసులో సగం మంది ఎయిడ్లు, సగం మంది పేషెంట్లు. నేను పేషెంట్‌ని. గంటసేపు చేతులు కదపకూడదు, మాట్లాడకూడదు. నా క్లాస్‌మేట్ నాకు ఉప్మా తినిపించింది. మంచి పిల్లే, నా ఫ్రెండే. కానీ నోట్లో ముద్ద ఇంకా ఉండగానే రెండో చెంచా పెదాల దగ్గరికి వచ్చేసేది. మూతి తుడిచింది, నేను తుడవమనలేదు. డ్రెస్ మీదే డైపర్ కట్టడానికి నన్ను ఒక్కసారిగా పక్కకి తిప్పింది. గుండె ఝల్లుమంది. పడిపోతానేమో అనిపించింది. ఆ కాసేపటిలో నేను ఒక మూటనైపోయాను.

తర్వాత మేడమ్ బోర్డు మీద ఒక్క వాక్యం రాశారు. ముట్టుకునే ముందు చెప్పాలి. "ఇప్పుడు కుడి పక్కకి తిప్పుతున్నానమ్మా", "నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి, ముందు మొహం తుడుస్తున్నా." అవతలి మనిషి స్పృహలో లేకపోయినా సరే చెప్పాలి. ఒళ్లు తుడిచేటప్పుడు తుడుస్తున్న భాగం తప్ప మిగతాదంతా దుప్పటితో కప్పి ఉంచాలి. తలుపు వెయ్యాలి. వాళ్లు చేసుకోగలిగింది వాళ్లనే చేసుకోనివ్వాలి, చేసుకోలేనిదే మనం చెయ్యాలి. ఈ కోర్సు మొత్తంలో నాకు అన్నిటికంటే కష్టమైన పాఠం ఈ చివరిదే.

ఈలోగా ఊళ్లో వేరే కథ నడుస్తోంది. మొదట్లో నాన్నకి నా కోర్సు అస్సలు నచ్చలేదు. "ఊరివాళ్ల పక్కగుడ్డలు ఉతికే ఖర్మ నీకేంటమ్మా?" అన్నారు. అమ్మ నచ్చజెప్పాక ఊరుకున్నారు గానీ, ఎవరడిగినా "అమ్మాయి విజయవాడలో నర్సు" అని చెప్పడం మొదలుపెట్టారు. పెళ్లి సంబంధాలు తెచ్చే ఆయనకీ అదే చెప్పారు.

మేడమ్ మాత్రం ఈ విషయంలో కచ్చితంగా ఉండేవారు. "మీరు నర్సులు కాదు. నర్సు జీఎన్‌ఎం అయితే మూడేళ్లు, బీఎస్సీ అయితే నాలుగేళ్లు చదివి కౌన్సిల్లో రిజిస్టర్ అవుతుంది. మిమ్మల్ని ఎవరైనా నర్సమ్మా అని పిలిస్తే సంతోషపడి ఊరుకోవద్దు. రేపు వాళ్లే ఇంజెక్షన్ చెయ్యమంటారు, ముక్కు గొట్టం మార్చమంటారు. చెయ్యలేనని చెప్పాలంటే ముందు మీరెవరో మీరు చెప్పాలి" అన్నారు. మందులు టైముకి గుర్తుచేయడం, మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయడం మా పని. సూది మా పని కాదు. ఆ గీత పేషెంట్‌ని కాపాడుతుంది, మమ్మల్నీ కాపాడుతుంది. ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "సంబంధాలవాళ్లకి ఏమని చెప్పమంటావు?" అన్నారు. "ఉన్నదే చెప్పండి" అన్నాను. ఫోన్ పెట్టేశారు.

నా మొదటి డ్యూటీ పటమటలో ఒక ఇంట్లో. పగటి 12 గంటలు. మామ్మగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు బలం తగ్గాయి. మాట కూడా ముక్కలు ముక్కలుగా వస్తుంది. నేను వెళ్లేసరికి ఆవిడ తనంతట తను తినడం పూర్తిగా మానేశారు. మింగడానికి ఇబ్బంది లేదని డాక్టర్ చెప్పారట, ఎడమ చెయ్యి బాగానే ఉంది. మరి ఎందుకు తినరు? నాలుగు రోజులకి అర్థమైంది. ఎడమ చేత్తో అన్నం ముట్టుకోవడం ఆవిడకి చావుతో సమానం. జీవితాంతం మడిగా వండి పెట్టిన మనిషి. ఎడమ చెయ్యి కంచం మీదకి రాగానే కళ్లలో నీళ్లు తిరిగేవి.

నేను కాస్త లావు పిడి ఉన్న చెంచా ఇచ్చాను. "మీరు చేత్తో ముట్టుకోవట్లేదు మామ్మగారూ, చెంచాకి కుడి ఎడమ లేదు" అన్నాను. ఆవిడ నా వైపు చాలాసేపు చూశారు. మొదటి రోజు మూడు చెంచాలు. సగం కింద పడింది. కుడి బుగ్గలో మెతుకులు ఉండిపోతున్నాయేమో చూసుకుంటూ, నేను పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాను. తినిపించేస్తే ఐదు నిమిషాల పని. కూర్చోవడమే కష్టం.

వారం తిరక్కుండా కోడలుగారు ఆఫీసు నుంచి ఫోన్ చేశారు. "కెమెరాలో చూస్తున్నాను. ఆవిడ అన్నం ఒలకబోసుకుంటుంటే నువ్వు ఊరికే కూర్చున్నావు. దేనికి ఇస్తున్నాం డబ్బులు?" అన్నారు. ఆవిడ కోపంలో న్యాయం ఉంది. కెమెరాలో అది అలాగే కనిపిస్తుంది. సాయంత్రం ఆవిడ వచ్చాక నా నోట్‌బుక్ చూపించాను. రోజూ బీపీ, ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారు, ఎన్నిసార్లు విరేచనం, ఇవన్నీ రాయడం మా పనిలో భాగం. కింద ఇంకో లైను నేనే చేర్చుకున్నాను, "స్వయంగా". సోమవారం 3 చెంచాలు. బుధవారం 7. శనివారం ఒక ఇడ్లీ మొత్తం. ఆవిడ ఆ పేజీ రెండుసార్లు చదివారు. "సరే, కానీ ఆలస్యమైతే చల్లారిపోతుంది, మధ్యలో వేడి చెయ్యి" అని లోపలికి వెళ్లిపోయారు. ఆ మాట నాకు చాలు.

2011 జనాభా లెక్కల్లోనే మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లు 10 కోట్లకి పైగా తేలారు. పిల్లలు హైదరాబాద్‌లో, బెంగళూరులో, డాలస్‌లో. మీ ఇంట్లోనూ ఇవాళో రేపో నాలాంటి ఒకమ్మాయి డ్యూటీకి రావచ్చు. వస్తే ముందు ఆమె పేరు అడగండి. ఎక్కడ ట్రైనింగ్ అయిందో అడగండి. ఏ పనులు చేస్తుందో, ఏవి చేయదో మొదటిరోజే మాట్లాడుకోండి. 24 గంటల డ్యూటీ అయితే ఆమె ఎప్పుడు పడుకుంటుందో కూడా చూడండి. నిద్రలేని చేతులతో ఎవరినీ సరిగ్గా పట్టుకోలేం.

నాన్న పోయిన ఆదివారం ఫోన్ చేశారు. రైస్ మిల్లులో ఆయనతో పనిచేసే బాబాయ్ వాళ్లమ్మ బాత్రూమ్‌లో జారిపడిందట, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారట. "మంచం మీంచి కుర్చీలోకి ఎలా మార్చాలో కాస్త చెప్పమ్మా, స్పీకర్ ఆన్ చేస్తున్నా" అన్నారు. ఆన్ చేసి, పక్కనున్నాయనతో అంటున్నారు: "మా అమ్మాయి పని ఇదే. నర్సు కాదు. ఇంటికొచ్చి చూసుకుంటారే, అది."