సన్నదే దూరం పోతాది

మాది పుంగనూరు. మా నాయన ఇరవై రెండేళ్లు కుప్పం దగ్గర గ్రానైటు కోసే ఫ్యాక్టరీలో పనిచేశాడు. వారానికోసారి ఇంటికొచ్చేవాడు. అమ్మ ఆయన బట్టలు విడిగా ఉతికేది, బకెట్ అడుగున తెల్లటి ఒండు మిగిలేది. ఆ జీతంతోనే నేను ఇంజనీరింగ్ చదివి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాను.

పోయిన వేసవిలో దగ్గు తగ్గకపోతే ఆయన్ను మదనపల్లెలో చూపించాం. డాక్టరు ఎక్స్‌రే చూసి, "రాతి దుమ్ము. లోపల చేసిన గాయం మానదు. ఇకమీదట దుమ్ములోకి పోవద్దు" అన్నారు.

ఆ రాత్రి కరెంటు పోయింది. మిద్దెమీద పడుకున్నాం. పైన పాలపుంత, దాని నడుమ నల్లటి చార.

"ఆడ చుక్కల్లేవా?" అన్నాడు నాయన.

"ఉండాయి నాయనా. దుమ్ము అడ్డముంది."

"ఆడ గూడానా!" అని నవ్వాడు. నవ్వుతో దగ్గొచ్చింది.

ఖగోళం చదవడం నాకు అలవాటు. తెలిసింది చెప్పాను. ముసలి నక్షత్రాలు వదిలే పొడి అది. రాతిలో ఉండే సిలికేట్లు, మసిలాంటి కార్బన్. చాలా రేణువులు వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉంటాయేమో. అవి నీలి కాంతిని ఎక్కువగా ఆపుతాయి, అందుకే వెనకున్నవి ఎర్రబారి కనిపిస్తాయి.

మన పాలపుంతలాంటి సుడి గెలాక్సీల్లో ఈ దుమ్ము పళ్లెంలోనే ఉండిపోదు. సుమారు 85 వేల క్వాసార్ల రంగులు పరిశీలించి, గెలాక్సీల బయట లక్షల కాంతి సంవత్సరాల దూరంలోనూ దుమ్ము ఉందని 2010లో శాస్త్రవేత్తలు చెప్పారు. నక్షత్రాల పేలుళ్లు దాన్ని విసురుతాయి. వెలుతురు కూడా నెడుతుంది. రేణువు చిన్నదయ్యేకొద్దీ బరువు తగ్గినంతగా ఉపరితలం తగ్గదు. అందుకే ఒక హద్దు దాకా, లావు రేణువు కంటే సన్నదాన్ని వెలుతురు సులువుగా తోస్తుంది.

నాయన కాసేపు మాట్లాడలేదు.

"సన్నదే రా దూరం పోతాది. మా ఫ్యాక్టరీలో గూడా అంతే. లావు పొడి కాళ్లకాడ పడతాది. కంటికి కనపడనిది లోపలికి పోతాది. నీళ్లు పోస్తా కోస్తే లేచేది కాదు. నీళ్లు రాకపోయినా మిషను ఆపనిచ్చేవాళ్లు కాదు" అన్నాడు.

తర్వాతి ఆదివారం నన్ను కుప్పం తీసుకుపొమ్మన్నాడు. టీ అంగడి దగ్గర పాత తోటివాళ్లను కూర్చోబెట్టి తన ఎక్స్‌రే చూపించాడు. ముక్కుకు కట్టుకునే తుండుగుడ్డ సన్నపొడిని ఆపదని చెప్పాడు. గెలాక్సీల సంగతి ఎత్తలేదు.

ఇద్దరు మాతోపాటు మదనపల్లె వచ్చారు.