ఆటోనగర్‌లో ఫొటో సరిపోదు!

మామిడి సీజన్లో మా నూజివీడులో బండికి ఖాళీ ఉండదు. సరిగ్గా అప్పుడే మా పాత పికప్ ట్యాంకు కారడం మొదలెట్టింది. పట్టీ కింద మట్టి, తడి చేరి రేకు తుప్పు పట్టేసింది. దానికితోడు డీజిల్ ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే! దాన్ని నమ్మి ఓసారి కాయల లోడుతో నున్న మార్కెట్ దారిలో ఆగిపోయాం. ఎండకి కాయ మెత్తబడింది, రేటు పడిపోయింది. ఇంకోసారి అలా అయితే తట్టుకోలేం. విజయవాడ బయల్దేరాను.

"పాత ఫ్లోటు కూడా పట్టుకెళ్లరా" అన్నారు నాన్న.

"ఫొటోలు తీశా కదా నాన్నా!"

అయినా వినలేదు. పేపర్లో చుట్టి బ్యాగులో పెట్టేశారు. దారంతా డీజిల్ వాసన.

పండిట్ నెహ్రూ బస్టాండులో దిగి, బెంజి సర్కిల్ మీదుగా జవహర్ ఆటోనగర్ చేరాను. లోపలికెళ్తే అదో వేరే ఊరు. ఒకచోట లారీలకి బాడీలు కడుతుంటారు, ఇంకోచోట పాత సామాను గుట్టలు. సుత్తి దెబ్బల మధ్య ఫోన్ మోగినా వినపడదు.

మొదటి షాపులో ఫొటో చూపించా. నిమిషంలో ఫ్లోటు కౌంటర్ మీద పెట్టారు. అచ్చం మాదే! డబ్బులు కొట్టబోతుంటే, పక్కనే టీ తాగుతున్న ముసలి మెకానిక్ అడిగాడు. "పాతది తెచ్చావా బాబూ?"

పేపరు విప్పాను. ఆయన రెండిటినీ పక్కపక్కన పెట్టాడు. బోల్టు రంధ్రాలు రెండింటికీ ఐదే. కానీ కొత్తదాని కడ్డీ రెండు వేళ్లు పొడవు. "ఇది బిగిస్తే ఫ్లోటు ముందే అడుగుకి తగిలి ఆగిపోద్ది. డీజిల్ అయిపోయినా ఇంకా ఉన్నట్టే చూపిస్తది." పైగా మాదానికి రెండు గొట్టాలు, దీనికి ఒకటే. ఇంజను వాడుకోగా మిగిలిన డీజిల్ వెనక్కి రావడానికే ఆ రెండోది. ఫొటోలో అది కడ్డీ వెనక దాక్కుంది!

షాపతను ఇంకో రెండు తీశాడు. పెద్దాయన మల్టీమీటర్ పెట్టి, కడ్డీ పైకీ కిందికీ కదుపుతూ పాతదాని రీడింగుతో కలిసేది ఎంచాడు. ఆ ఓమ్‌లు కలవకపోతే డాష్‌బోర్డులో ముల్లు తప్పే చూపిస్తుందట.

ట్యాంకుకి పాత సామాను వీధికెళ్లాం. అదే లీటర్లది దొరికింది గానీ మూతి అవతలి వైపుంది. నాన్నకి ఫోన్ చేస్తే టేపు పెట్టి పొడవు, వెడల్పు, ఎత్తు, పట్టీల మధ్య దూరం చెప్పారు. నాలుగో ట్యాంకు కుదిరింది. టార్చి వేసి లోపల తుప్పు లేదని చూశాకే బేరమాడాం.

"కారేదానికే వెల్డింగ్ కొట్టిస్తే పోయేదిగా?" అన్నాను.

"ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం బాబూ. లోపల ఆవిరి ఉంటది. నిప్పు తగిలితే పేలుద్ది. బాగా కడగందే ఎవరూ ముట్టుకోరు."

నూజివీడు వెళ్లే ఖాళీ లారీలో ట్యాంకు ఎక్కించి, నేనూ ఎక్కేశా. రాత్రికి బిగించి, చేతి పంపుతో లైన్లో గాలి తీసేసి స్టార్ట్ చేశాం.

తెల్లారుజామున లోడుతో నున్న బయల్దేరాం. దారిలో ముల్లు మెల్లగా కిందికి దిగింది. డీజిల్ తగ్గుతుంటే సంతోషించింది నేనూ నాన్నే అయ్యుంటాం!